మే నెలలో దుప్పటి అడిగితే

మే నెలలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్ళలో రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. పగలు 42, 43 డిగ్రీల ఎండ కాసిన నేల అంత తొందరగా చల్లారదు. జనం డాబాల మీద నీళ్ళు చల్లుకుని, మంచాలు వేసుకుని గాలి కోసం ఎదురుచూస్తుంటారు. అలాంటి రాత్రి ఇంట్లో పదహారేళ్ళ పిల్ల ఫ్యాను ఆపమని, దుప్పటి కావాలని అడిగి, "సలివెడుతుందమ్మా" అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

మలేరియా కావచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ మందగించి ఉండొచ్చు. ముందుగా వాటిని చూడాల్సిందే. అవేవీ కాదని తేలితే మరికొన్ని ప్రశ్నలు అడగాలి. కొన్ని నెలలుగా తిండి తగ్గించుకుంటూ వస్తోందా? బాగా చిక్కిపోయిందా? నెలసరి ఆగిందా? రాత్రి రెండింటికే మెలకువ వచ్చి తెల్లారేదాకా మంచం మీద దొర్లుతోందా? ఎండల్లో చలి, ఎంత అలసినా పట్టని నిద్ర జంటగా కనిపిస్తే ఆహార రుగ్మతలను తప్పక అనుమానించాలి.

ఈ రోగులకు బయటి నుంచి వెచ్చదనం అందిస్తే మనసు కుదుటపడుతుందా, నిద్ర పడుతుందా అన్న ప్రశ్న వైద్యంలో 150 ఏళ్ళ కిందటే మొదలైంది. దానికి దొరికిన జవాబు మన ఇళ్ళకు పనికొస్తుంది. కాపడం, వేన్నీళ్ళు, కుంపటి మనకు కొత్త కాదు కనుక, ఆ జవాబులోని జాగ్రత్తలు మరీ పనికొస్తాయి.

తిండి మానడం మొండితనం కాదు

అనోరెక్సియా నెర్వోసా అనే జబ్బులో మనిషి తిండి బాగా తగ్గించేస్తారు, ప్రమాదకరంగా చిక్కిపోతారు, అయినా తినడానికి భయపడతారు. బులీమియాలో కొద్దిసేపట్లో అదుపు లేకుండా తిని, ఆ తర్వాత వాంతి చేసుకోవడమో విరేచనాల మాత్రలు మింగడమో చేస్తారు. మరికొందరు అదుపు తప్పి తింటారు కానీ బయటకు పంపే ప్రయత్నం చేయరు. మానసిక వ్యాధులన్నిటిలో మరణాల రేటు ఎక్కువగా ఉన్నవాటిలో అనోరెక్సియా ఒకటి. గుండె లయ తప్పడం అందుకు ఒక కారణం, ఆత్మహత్య మరొకటి.

ఇది పట్నం జబ్బనీ, సినిమా వాళ్ళ జబ్బనీ చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడం వల్లే పల్లెల్లో గుర్తింపు ఆలస్యమవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1995లో ఐదుగురు యువతుల గురించి రాశారు. వాళ్ళు తిండి మానేశారు, వాంతులు చేసుకున్నారు, బాగా బరువు తగ్గారు, నెలసరి ఆగిపోయింది. కానీ పాశ్చాత్య పుస్తకాల్లో వర్ణించినట్టు తమ ఒంటి రూపం గురించి వక్రమైన ఊహ గానీ, అతిగా తిరగడం గానీ వాళ్ళలో కనిపించలేదు. మన దగ్గర ఈ జబ్బు చాలాసార్లు కడుపు మాటగానే బయటికి వస్తుంది. "తినబుద్ధయితలేదు", "రెండు ముద్దలకే కడుపు ఉబ్బుతుంది", "తింటే గుండెల బరువయితది" అంటారు. ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు, గాలి సోకిందేమోనని అనుమానపడతారు, గ్యాస్ మాత్రలు తెస్తారు. వాళ్ళ ప్రేమకు లోటు ఉండదు. జబ్బు పేరు తెలియక నెలలు గడిచిపోతాయి.

సన్నగా ఉన్న ప్రతి పిల్లకూ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. వలసకూలీ బతుకుల పాలమూరులో చిక్కిపోవడానికి పేదరికం ఒక కారణం, క్షయ మరొక కారణం. మొదటి రకం మధుమేహమైనా, పేగుల జబ్బయినా బరువు తగ్గిస్తాయి. వీటిని పరీక్షలతో తోసిపుచ్చాకే డాక్టర్లు ఆహార రుగ్మత అన్న నిర్ణయానికి రావాలి.

ఒంట్లో వేడి ఎందుకు తగ్గుతుంది

మనం తిన్న అన్నం, రొట్టె, పప్పు ఒంట్లో మండి శక్తినిస్తాయి. ఆ శక్తిలో పెద్ద భాగం చివరికి వేడిగానే బయటికి పోతుంది. రోజుకు సుమారు 2,000 కేలరీలు ఖర్చు చేసే మనిషి ఒళ్ళు, మన ఇళ్ళల్లో ఒకప్పుడు వెలిగిన వంద వాట్ల బల్బుతో సమానంగా వేడిని విడుస్తుంటుంది. తిండి తగ్గిపోతే మెదడు ముందుగా ఆ బల్బును మసకబారుస్తుంది. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3 పడిపోతుంది. కొవ్వు కణాలు పంపే లెప్టిన్ తగ్గి, నిల్వలు అడుగంటాయన్న కబురు మెదడుకు చేరుతుంది. గుండె నెమ్మదిస్తుంది. చేతులు, పాదాల్లోని రక్తనాళాలు బిగుసుకుని, ఉన్న వేడినంతా గుండె, మెదడు, కాలేయాల కోసం లోపలే దాచిపెడతాయి. అందుకే వేళ్ళు నీలంగా, చల్లగా మారతాయి. చర్మం కింద ఉండాల్సిన కొవ్వు పొర కరిగిపోవడంతో పుట్టే కొద్ది వేడి కూడా నిలవదు. కొందరికి వీపు మీద, చేతుల మీద నూగు లాంటి సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి.

జబ్బు లేకపోయినా కేవలం ఆకలి వల్లే ఇదంతా జరుగుతుందని 1945లో అమెరికాలో రుజువైంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ళ ఇష్టంతోనే, 24 వారాల పాటు సగం తిండి పెట్టాడు. రోజుకు దాదాపు 1,570 కేలరీలు. యుద్ధంలో ఆకలితో అల్లాడిన ఐరోపా జనాన్ని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి ఆ ప్రయోగం. ఆ యువకులు సగటున నాలుగో వంతు బరువు కోల్పోయారు. ఊరికే పడుకున్నా ఒళ్ళు ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. జూలై ఎండల్లో వాళ్ళు అదనంగా దుప్పట్లు అడిగారు. వేడి వేడి కాఫీ, టీల కోసం తపించారు. తిండి తప్ప మరో ఆలోచన లేకుండా పోయింది. చిరాకు, దిగులు పెరిగాయి.

ఇక్కడొక భౌతికశాస్త్ర సూత్రం గుర్తుపెట్టుకోవాలి. దుప్పటి వేడిని పుట్టించదు. ఉన్న వేడిని పోనీయకుండా ఆపుతుందంతే. పాలమూరు గొర్ల కాపరి కప్పుకునే నల్ల గొంగడి వానలోనూ చలిలోనూ అతణ్ణి కాపాడుతోందంటే, దాని కింద జొన్నరొట్టె తిన్న ఒళ్ళు వేడిని పుట్టిస్తోంది కనుకే. తిండి మానేసిన ఒంటికి ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు పూర్తిగా తగ్గకపోవడానికి కారణం ఇదే. అందుకే వైద్యులు బయటి నుంచి వేడిని అందించే దారులు వెతికారు.

నిద్ర ఎందుకు పారిపోతుంది

నిద్రకూ ఒంటి వేడికీ ఉన్న సంబంధం చాలామంది ఊహించే దానికి తలకిందులుగా ఉంటుంది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. రోజంతటిలో మన లోపలి ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ అటూ ఇటూ ఊగుతుంది. సాయంత్రం గరిష్ఠానికి చేరి, పొద్దుపోయాక దిగడం మొదలుపెట్టి, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. ఈ దిగుడుకు ద్వారాలు చేతులు, పాదాలే. రాత్రి కాగానే అక్కడి రక్తనాళాలు విప్పారుతాయి, వెచ్చటి రక్తం చర్మం దాకా వస్తుంది, వేడి బయటికి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది, రెప్పలు వాలతాయి.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో కుర్ట్ క్రౌషి బృందం దీన్ని కొలిచి 1999లో 'నేచర్' పత్రికలో ప్రచురించింది. మనిషి ఎంత తొందరగా నిద్రలోకి జారుకుంటాడో ముందుగా చెప్పడానికి వాళ్ళు చూసిన కొలతలన్నిటిలో చేతులు, పాదాల రక్తనాళాలు ఎంతగా విప్పారాయన్నదే మేలైన గుర్తుగా తేలింది. పాదాలు వెచ్చగా ఉన్నవాళ్ళకు త్వరగా నిద్ర పట్టింది.

అనోరెక్సియా రోగి విషయంలో సరిగ్గా ఈ ద్వారాలే మూసుకుపోయి ఉంటాయి. పాదాలు మంచులా ఉంటాయి, రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. దీనికి తోడు ఆకలిగొన్న మెదడు నిద్రపోనివ్వదు. తిండి దొరకనప్పుడు లేచి తిరిగి వెతుక్కోవాలన్నది జంతువులన్నిటిలో ఉన్న పాత స్వభావం. అందుకే ఈ రోగుల్లో చాలామంది తెల్లవారకముందే లేచి కూర్చుంటారు. మంచం మీద ఉండలేక ఇల్లు ఊడుస్తారు, బట్టలు ఉతుకుతారు, వాకిట్లో అటూ ఇటూ నడుస్తారు. చూసేవాళ్ళకు అది పనితనంలా కనిపిస్తుంది.

లండన్ వైద్యులు 10 మంది అనోరెక్సియా రోగుల నిద్రను మెదడు తరంగాల ద్వారా నమోదు చేసి 1975లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాశారు. బరువు పెరుగుతున్నకొద్దీ వాళ్ళ నిద్ర పెరిగింది, గాఢత కూడా మారింది. నిద్రకు అసలు మందు తిండేనని చెప్పడానికి ఇంతకంటే సూటి ఆధారం అక్కర్లేదు. అయితే బరువు పెరగడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ప్రతి రాత్రీ ఒక నరకమే. వెచ్చదనం ఆసరా కావాల్సింది అక్కడే.

రబ్బరు గొట్టం నుంచి వెచ్చటి గది దాకా

అనోరెక్సియా నెర్వోసా అన్న పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు విలియం గల్. 1873లో వైద్యుల సభలో చదివి, 1874లో అచ్చువేసిన వ్యాసంలో ఆయన రోగుల నాడి, ఊపిరి, ఒంటి వేడి తగ్గడాన్ని గమనించి రాశాడు. అంతకు ముందే జెనీవా వైద్యుడు షోసా, ఆకలితో కృశించిన జంతువులు బయటి వేడి లేకుండా తిన్నది కూడా అరిగించుకోలేవని చూపించాడు. ఆ పరిశీలనను గుర్తుచేస్తూ, ఈ రోగులకు తిండితో పాటు వేడి కూడా ఇవ్వాలని గల్ చెప్పాడు. ఎలా ఇవ్వాలో కూడా చెప్పాడు. రెండంగుళాల వ్యాసం, మూడు నాలుగు అడుగుల పొడవు ఉన్న రబ్బరు గొట్టాన్ని వేన్నీళ్ళతో నింపి రోగి వెన్నెముక పొడవునా ఆనించి పెట్టాలన్నాడు. ఇది తన సొంత ఉపాయం కాదని, టైస్‌హర్స్ట్‌లోని డాక్టర్ న్యూయింగ్టన్ సూచించాడని పేరుతో సహా రాశాడు. ఈ సలహా ఆ తర్వాత వంద ఏళ్ళకు పైగా దాదాపు మరుగునపడింది.

దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది ఎలుకలు. 1967లో రౌటెన్‌బర్గ్, కుజ్నెసాఫ్ అనే శాస్త్రవేత్తలు ఒక వింత చూశారు. రోజుకు ఒక గంట మాత్రమే తిండి పెట్టి, పంజరంలో తిరిగే చక్రం ఉంచితే ఎలుకలు రోజురోజుకూ ఎక్కువ పరిగెత్తాయి, తక్కువ తిన్నాయి, చివరికి చావుకు దగ్గరయ్యాయి. చక్రం లేని ఎలుకలు అదే గంటలో సరిపడా తిని బతికాయి. చిక్కిపోతూ కూడా ఊరికే కూర్చోలేని అనోరెక్సియా రోగికి ఇది దగ్గరి నమూనా అని తర్వాత చాలామంది గుర్తించారు.

స్పెయిన్‌లోని శాంతియాగో దె కొంపొస్తెలా విశ్వవిద్యాలయంలో ఎమీలియో గుతియెరెజ్ బృందం ఇదే ప్రయోగంలో ఒక్క మార్పు చేసింది. గది వేడిని 21 డిగ్రీల దగ్గర కాక 32 డిగ్రీల దగ్గర ఉంచింది. వెచ్చటి గదిలో ఎలుకల పరుగు తగ్గింది, బరువు కోల్పోవడం తగ్గింది. చల్లబడుతున్న ఒంటిని వెచ్చబెట్టుకోవడానికే ఆ పరుగంతా అయితే, వెచ్చదనం బయటి నుంచే అందినప్పుడు పరిగెత్తాల్సిన అవసరం తగ్గుతుందన్నది వాళ్ళ వాదన. 2001లో గుతియెరెజ్ ముగ్గురు రోగుల గురించి రాశాడు. వెచ్చటి పరిసరాల్లో ఉంచడం, వేడినిచ్చే కోటు తొడగడం, ఆవిరి స్నానం వంటి పద్ధతులతో వాళ్ళలోని అలుపెరుగని తిరుగుడు తగ్గిందని నమోదు చేశాడు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో సిసిలియా బెర్గ్, పెర్ సోడర్‌స్టెన్ నడిపిన వైద్య విధానంలో భోజనమయ్యాక రోగిని వెచ్చటి గదిలో ఒక గంట విశ్రాంతిగా పడుకోబెడతారు. గది వేడి 40 డిగ్రీల దాకా పెంచుకోవచ్చు. తిన్న వెంటనే వచ్చే గుండెదడ, అపరాధభావం, లేచి నడవాలన్న తహతహ తగ్గించడానికే ఇది. 2002లో వాళ్ళు మంచి ఫలితాలు ప్రకటించారు. అయితే వెచ్చటి గది ఆ విధానంలో ఒక భాగమే. తినే వేగాన్ని నేర్పించడం, తిరుగుడును తగ్గించడం, మళ్ళీ జనంలో కలవడం కూడా అందులో ఉన్నాయి. పైగా నెదర్లాండ్స్‌లో అదే విధానాన్ని మామూలు వైద్యంతో పోల్చి చూసినప్పుడు అది మెరుగని తేలలేదు.

వేడి ఒక్కదాన్నే విడదీసి పరీక్షించింది కెనడాలోని వాంకూవర్ వైద్యులు. 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో 21 మంది మహిళా రోగులు రోజుకు మూడు గంటల చొప్పున 21 రోజులు విద్యుత్తుతో వేడెక్కే కోటు తొడుక్కున్నారు. కొందరి కోటులో వేడి ఉంది, కొందరిదాన్ని ఆపి ఉంచారు. బరువు పెరగడంలో రెండు గుంపుల మధ్యా తేడా కనిపించలేదు.

ఈ ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. వేడి అనోరెక్సియాను నయం చేయదు, బరువును తనంతట తాను పెంచదు. తిన్న తర్వాతి గంటను భరించగలిగేలా, రాత్రిని గడపగలిగేలా చేయడం దాని పని. వేడి వల్ల జబ్బు పోతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఉపశమనమే కదా అని చిన్నచూపు కూడా చూడకండి. మూడు నెలల పాటు రోజుకు ఆరుసార్లు భయపడుతూ తినాల్సిన పిల్లకు ఉపశమనం చాలా పెద్ద విషయం.

పడుకునే ముందు పాదాలు

నిద్ర సంగతికి వస్తే ఆధారం ఇంకాస్త గట్టిగా ఉంది, కాకపోతే అది సాధారణ జనం మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను జల్లెడపట్టి 2019లో ఒక సమీక్ష ప్రచురించారు. 40 నుంచి 42.5 డిగ్రీల వేడి ఉన్న నీళ్ళతో, పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు, పది నిమిషాలు స్నానం చేసినా నిద్ర త్వరగా పడుతుందని, నాణ్యత పెరుగుతుందని అందులో తేలింది. పాదాలు మాత్రమే వేన్నీళ్ళలో పెట్టుకోవడం మీద చేసిన ప్రయోగాలూ అందులో ఉన్నాయి. వేన్నీళ్ళు చర్మంలోని నాళాలను విప్పారిస్తాయి. స్నానమయ్యాక ఆ దారినే ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది. అందుకే ఆ ఒకటి రెండు గంటల వ్యవధి ముఖ్యం. మంచమెక్కే ముందు మరీ వేడి నీళ్ళు పోసుకుంటే ఫలితం తిరగబడుతుంది.

బాగా చిక్కిన రోగికి ఒళ్ళంతా వేన్నీళ్ళ స్నానం కంటే పాదాల వరకే మేలు. రక్తపోటు మీద భారం తక్కువ పడుతుంది. డాక్టరు సరేనన్నాక ఇంట్లో ఇలా చేయొచ్చు. రాత్రి భోజనమయ్యాక, ఎనిమిదింటికో ఎనిమిదిన్నరకో, ఒక వెడల్పాటి తొట్టి లేదా బకెట్టు తీసుకోండి. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత కాగిన నీళ్ళు కలపండి. రోగి పాదం పెట్టకముందు ఇంటిలో ఇంకొకరు మోచేయి ముంచి చూడాలి. హాయిగా వెచ్చగా తగలాలి కానీ చురుక్కుమనకూడదు. వీలైతే ధర్మామీటరు పెట్టి 40 డిగ్రీల లోపు ఉంచండి. రోగి వీపుకు ఆనిక ఉన్న కుర్చీలో కూర్చోవాలి. చీలమండలు మునిగేలా పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. ఒకరు పక్కన ఉండాలి. వైద్యం గురించీ, బరువు గురించీ కాక బడి ముచ్చట్లో ఊరి ముచ్చట్లో మాట్లాడండి. అయిపోయాక పాదాలు తడి లేకుండా తుడిచి నూలు సాక్సులు తొడగండి. వెంటనే లేపకండి. రెండు నిమిషాలు కూర్చున్నాకే నెమ్మదిగా నిలబెట్టండి. పడుకోబోయే ముందు డాక్టరు చెప్పిన రాత్రి పాలో మరో చిరుతిండో తప్పకుండా ఇవ్వండి. ఖాళీ కడుపుతో పడుకుంటే తెల్లవారుజామున మళ్ళీ మెలకువే.

పగటిపూట తిన్న తర్వాత కడుపు ఉబ్బరంగా ఉందంటే అది నటన కాదు. చాలాకాలం తిండి తగ్గించిన వాళ్ళ కడుపు నిజంగానే ఆలస్యంగా ఖాళీ అవుతుంది. బట్ట చుట్టిన వేన్నీళ్ళ సంచిని పొట్ట మీద కాసేపు పెట్టి, అరగంటో గంటో పడుకోనిస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది. లేచి వాంతి చేసుకోవాలన్న తొందరను ఆ గంట దాటించడానికి కూడా ఇది తోడ్పడుతుంది.

కాపడం కాల్చకుండా

మన ఇళ్ళల్లో ఇసుక వేయించి మూటగట్టి కాపడం పెడతారు. ఆముదం ఆకు వెచ్చజేసి కడతారు, ఇటుక కాల్చి బట్టలో చుట్టి కాళ్ళ దగ్గర పెడతారు, బాలింత మంచం కింద కుంపటి ఉంచుతారు. వీటిలో ప్రేమ ఉంది, అనుభవం ఉంది. ఆహార రుగ్మత ఉన్న మనిషికి మాత్రం వీటిలో కొన్ని ప్రమాదం.

మొదటిది కాలిన గాయాలు. ఈ రోగుల చర్మం పల్చబడి ఉంటుంది. రక్తప్రసరణ తగ్గిన చోట వేడి పేరుకుపోతుంది. ఎంత వేడి తగిలినా ఇంకా కావాలనే అనిపిస్తుంది. వేన్నీళ్ళ సంచినో హీటింగ్ ప్యాడ్‌నో రోజూ ఒకేచోట గంటల తరబడి ఆనించుకున్న అనోరెక్సియా రోగుల చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు ఏర్పడడాన్ని వైద్యులు నమోదు చేశారు. కశ్మీర్‌లో కాంగ్రీ కుంపటిని ఒళ్ళో పెట్టుకునేవాళ్ళ తొడల మీద, పొట్ట మీద వచ్చే మచ్చలు ఇవే. ఏళ్ళు గడిచాక అక్కడ చర్మ క్యాన్సర్ కూడా రావచ్చు. కాబట్టి కాల్చిన ఇటుక వద్దు, బట్ట చుట్టని సంచి వద్దు, సంచిని పక్కలో పెట్టుకుని నిద్రపోవడం వద్దు. చోటు మార్చుతూ ఉండాలి.

రెండోది స్పృహ తప్పడం. ఆకలితో ఉన్న గుండె నిమిషానికి 50 సార్లు కూడా కొట్టుకోకపోవచ్చు, రక్తపోటు అప్పటికే తక్కువగా ఉంటుంది. వేన్నీళ్ళకు నాళాలు విప్పారగానే అది ఇంకా పడిపోతుంది. బాత్రూంలో గడియ పెట్టుకుని కళ్ళు తిరిగి పడిపోతే తలకు దెబ్బ తగలొచ్చు. వాంతులు చేసుకునేవాళ్ళకు, విరేచనాల మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళకు రక్తంలో పొటాషియం తగ్గి ఉంటుంది. చెమట పట్టించే ఏ వేడైనా వాళ్ళ గుండె లయకు ముప్పే. ఆవిరి స్నానం వీళ్ళకు అసలే పనికిరాదు. కొందరు రోగులు చెమట పట్టించి బరువు తగ్గడానికే ఆవిరి స్నానాన్ని వాడతారు. ఇంట్లోవాళ్ళు ఆ సంగతి కనిపెట్టి ఉండాలి.

మూడోది పొగ. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నల్లమల అంచు ఊళ్ళలో డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చలిగా ఉన్నా ఈ పని చేయకూడదు.

నాలుగోది మన ఎండ. చలిని తట్టుకోలేని ఒళ్ళు ఎండను తట్టుకుంటుందని అనుకోవద్దు. అనోరెక్సియా రోగుల ఒంటి ఉష్ణోగ్రతను చల్లటి గదిలోనూ వేడి గదిలోనూ పరీక్షించి, రెండింటా అదుపు తప్పుతోందని అమెరికా వైద్యులు 1974లోనే చూపించారు. అంటే ఏప్రిల్, మే నెలల్లో చలిగా ఉందని స్వెట్టరు తొడుక్కుని ఎండలో తిరిగే రోగికి వడదెబ్బ ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఆ నెలల్లో వేడి వైద్యం మాట అలా ఉంచి, నీడ, నీళ్ళు, వేళకు తిండి చూసుకోవాలి. వెచ్చటి నీళ్ళలో పాదాలు పెట్టుకోవడం వానకాలం, చలికాలం రాత్రులకు సరిపోయే పద్ధతి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు ఏ కాలంలోనూ వద్దు.

లోపలి నుంచి పుట్టే వేడి

నిలబడే వెచ్చదనం తిండి నుంచే వస్తుంది. పల్లీ పంటకు పేరున్న వనపర్తిలో గుప్పెడు వేయించిన పల్లీల విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. వంద గ్రాముల్లో దాదాపు 560 కేలరీలు ఉంటాయి. గటకలో నెయ్యి, రొట్టె మీద పల్లీల పొడి, పప్పన్నంలో గుడ్డు, పెరుగు... ఖరీదైన పొడుల డబ్బాలు కొననక్కర్లేదు. కోలుకునే దశలో చాలామంది రోగుల ఒళ్ళు ఒక్కసారిగా వేడెక్కుతుంది, రాత్రిళ్ళు చెమటలు పడతాయి. ఒళ్ళు మళ్ళీ తిండిని మండిస్తోందనడానికి అది గుర్తు కావచ్చు. భయపడి తిండి తగ్గించకుండా డాక్టరుకు చెప్పాలి. జ్వరం ఉందేమో కూడా చూసుకోవాలి. అప్పటి నుంచి బయటి వేడి అవసరం తనంతట తానే తగ్గిపోతుంది.

ఒక హెచ్చరిక. చాలా రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒకేసారి కడుపునిండా పెట్టడం ప్రాణాంతకం. రక్తంలోని ఫాస్ఫేటు ఒక్కసారిగా కణాల్లోకి వెళ్ళిపోయి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. అలాంటి వాళ్ళకు తిండి మొదలుపెట్టాల్సింది ఆసుపత్రిలో, రక్తపరీక్షలు చేస్తూ.

ఇందుకు హైదరాబాద్ దాకా పరిగెత్తాల్సిన రోజులు తగ్గుతున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి. గద్వాలలో 2024లో వచ్చింది. దగ్గర్లో మానసిక వైద్యులు లేని ఊరి నుంచి 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు రోజంతా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. కౌమారంలో ఉన్న పిల్లలకు ఇప్పుడు ప్రపంచమంతా ముందుగా సూచిస్తున్నది కుటుంబం ఆధారంగా నడిచే వైద్యం. ప్రతి పూటా ఏం తినాలో, ఎంత తినాలో కొంతకాలం తల్లిదండ్రులే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపించి, పిల్ల కోలుకున్నకొద్దీ ఆ బాధ్యతను తిరిగి ఆమె చేతికి ఇస్తారు. అమ్మమ్మలు, మేనత్తలు, అక్కలు ఒకే కప్పు కింద ఉండే మన ఇళ్ళల్లో ఈ వైద్యానికి కావాల్సిన చేతులు ఉన్నాయి. నేర్పించేవాళ్ళు కావాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు దగ్గర బరువు తూచే యంత్రం, ధర్మామీటరు, బీపీ యంత్రం ఎలాగూ ఉంటాయి. చిక్కిపోయి వచ్చిన ప్రతి పిల్లకూ నాడి, ఒంటి వేడి రాసిపెట్టి, "రాత్రి నిద్రవడుతుందా బిడ్డా, సలివెడుతుందా?" అని ఒక్క మాట అడిగితే ఈ జబ్బు నెలల ముందే దొరుకుతుంది. నాడి 50 కన్నా తగ్గినా, ఒంటి వేడి 35.5 డిగ్రీల కిందికి పోయినా, లేవగానే కళ్ళు తిరిగి పడుతున్నా, ఆగకుండా వాంతులవుతున్నా, చచ్చిపోవాలనుందని అన్నా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అంత దూరం రాకముందే అయితే, తిననంటున్న పిల్లను తిట్టకుండా ఆమె చేతులు పట్టుకుని చూడండి. ఎండాకాలంలోనూ అవి చల్లగా తగులుతుంటే, వారం తిరక్కముందే డాక్టరుకు చూపించండి. వేన్నీళ్ళ తొట్టి ఆ తర్వాత పెట్టుకోవచ్చు.